దేవుని గూట్లో సయాం రాజు

సయాం రాజుల ముఖాల మీది బూజు తుడవడం నా పని. నవ్వకండి, నిజంగానే నా పని అది. గోదావరిఖని చౌరస్తా దగ్గర, ఇరుకు మెట్లెక్కి పోయే ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని, థాయ్‌లాండ్ దేశపు పాత ఫోటోల మీద మచ్చలూ గీతలూ చెరిపేస్తుంటాను. ఆ దేశాన్ని అప్పట్లో సయాం అనేవాళ్లు. మా ఊరి మగవాళ్లకు థాయ్‌లాండ్ అంటే బోనస్ పడ్డాక నలుగురు కలిసి పోయే చోటు. వచ్చాక పెళ్లాల చేతిలో ఏనుగు బొమ్మ కీచైను పెట్టి, మిగతా సంగతులు కల్లు మండువాలో చెప్పుకుంటారు. నేనెన్నడూ పోలేదు. కానీ ఆ దేశపు ఏ రాణికి చెవి పక్కన పుట్టుమచ్చ ఉందో, ఏ చిన్న యువరాజు ఫోటో తీసేటప్పుడు కుదురుగా నిలబడలేదో నాకు తెలుసు.

స్టూడియో ఓనరును అందరూ భాయ్ అంటారు. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, కౌంటరు దగ్గర మాతో తెలుగు. ఒకప్పుడు ఈ బెల్టులో ఏ పెళ్లయినా ఆయన కెమెరానే. సెల్‌ఫోన్లు వచ్చి ఆ బతుకును తినేశాక పాస్‌పోర్టు ఫోటోలు, చచ్చిపోయినోళ్ల ఫ్లెక్సీలు మిగిలాయి. అప్పుడాయన ఇంటర్నెట్‌లో వెతికి వెతికి ఈ పని పట్టాడు. బ్యాంకాక్‌లో ఎవరో పెద్ద పుస్తకం వేస్తున్నారట. గాజు పలకల మీది ఫోటోలను స్కాన్ చేసి కట్టలు కట్టలుగా పంపేవాళ్లు. ఒక్కోదాని కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు ఉండేవి. నా చరిత్ర చదువంతా ఆ నాలుగు ముక్కలే.

మొదట వచ్చినవి దర్బారు ఫోటోలు. రాజు ఎత్తైన గద్దె మీద ఉంటాడు. కింద మోచేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ పెద్దమనుషులు. మంత్రులే, మామూలోళ్లు కాదు. రాజు ముందు ఎవరి తలా పైకి లేవకూడదని అక్కడి ఆచారం. ఒక ఫోటోలో నెరిసిన జుట్టాయన అలా పాకుతూనే తమలపాకుల పళ్లెం అందిస్తున్నాడు. ఆయన వీపు మీది బూజు తుడుస్తుంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అవ్వ అంటే మా దగ్గర అమ్మే.

మా ఇంట్లో కూడా ఒక గద్దె ఉండేది. కంపెనీ క్వార్టరు, రెండు గదులు, ముందు చిన్న వరండా. ఆ వరండాలో మంచిర్యాల నుంచి తెచ్చిన పేము కుర్చీ. అది మా బాపుది, అంటే మా నాన్నది. బాపు బాయిలో పని చేసేవాడు. బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. భూమి కింద కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాడు. అక్కడ ఆయన పైన ఓవర్‌మెన్, ఆ పైన అండర్ మేనేజరు, ఆ పైన ఇంకెవరో. ఇంటికొచ్చాక ఆయన పైన దేవుడు కూడా లేడు. షిఫ్టు దిగి వచ్చి గేటు దగ్గర నిలబడి ఒక్కసారి దగ్గేవాడు. ఆ దగ్గు వినపడితే ఎవరి నోట్లో ముద్ద వాళ్లు మింగి లేచి నిలబడాలి. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపితే నేను బూట్లు గుంజాలి. బూటు బిగుసుకుంటే రెండో కాలు నా ఛాతీ మీద పెట్టి తన్నేవాడు, బూటుతో సహా నేను వెనక్కి పడితే నవ్వేవాడు. తమ్ముడికి ఆ పని ఎన్నడూ చెప్పలేదు. వాడు ఆ కుర్చీ చేతి మీద కూర్చుని నవ్వు కలిపేవాడు.

నా పెండ్లి మూన్నాళ్ల ముచ్చటయి, పెద్దమనుషుల పంచాయితీలో తెగిపోయి, నేను పెట్టెతో వాపసు వచ్చిన రోజు కూడా ఆయన కుర్చీలోనే ఉన్నాడు. లోపలికి రా అనలేదు, పో అనలేదు. కాళ్లు చాపాడు. నేను పెట్టె కింద పెట్టి బూట్లు గుంజాను.

అందుకే ఆ ఫోటోలు నాకు కొత్తగా అనిపించలేదు. ఆ దేశపు ఐదో రాజు గద్దెనెక్కాక తన రెండో పట్టాభిషేకం రోజున, ఇకనుంచి ఎవరూ నేల మీద పాకొద్దు, లేచి నిలబడండి అన్నాడట. ఆ తరువాతి ఫోటోల్లో అందరూ నిలబడే ఉంటారు. కాకపోతే మెడలు మాత్రం వంగే ఉంటాయి. ఈ సంగతి ఒకరోజు అన్నం దగ్గర చెప్పాను. బాపు ముద్ద కలుపుతూ విన్నాడు.

"వానికి తెలివి లేదు. నిలబెట్టినంక ఇగ ఎవడు భయపడ్తడు?" అన్నాడు.

అవ్వ మాత్రం ఇంకో మాట పట్టుకుంది. ఆ రాజులను రాముడని పిలుస్తారు, మొదటి రాముడు, రెండో రాముడు అని వరస చెప్పుకుంటారు, వాళ్ల కోట గోడల నిండా రామాయణం గీసి ఉంటుంది అని నేను చెప్పగానే చేతులు జోడించింది. "ఎక్కడెక్కడ ఉన్నడే తండ్రీ" అంది. స్టూడియోలో రంగు సరిచూడ్డానికి తీసిన ప్రింటు ఒకటి మిగిలితే, భాయ్ దానికి పాత ఫ్రేము బిగించి ఇచ్చాడు. "తీస్కపో బేటీ, మీ అమ్మీ ఖుష్ అయితది" అన్నాడు. మొనదేలిన కిరీటం పెట్టుకుని కుర్చీలో కూర్చున్న రాజు, ఆయన మోకాలి పక్కన నడినెత్తి మీద సిగ ముడిచిన చిన్న కొడుకు. ఆ దేశంలో పిల్లలకు ఆ సిగ ఈడొచ్చేదాకా పెంచి, పెద్ద పండగ చేసి తీసేవాళ్లు. రాజు కొడుకయితే కైలాసం కట్టించి, శివుడే దిగొచ్చి దీవించినట్టు ఆడేవాళ్లట. అవ్వ ఆ ఫ్రేమును దేవుని గూట్లో వేములవాడ రాజన్న పక్కన నిలబెట్టి, అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టింది. మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే క్వార్టరంతా అదిరేది, రాజు గూట్లో ఒక పక్కకు జరిగేవాడు. అవ్వ మళ్లీ సరిగ్గా నిలబెట్టేది.

బాపు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. అప్పటికింకా ఆయన చూపు బాగానే ఉంది.

"నన్నూ నా కొడుకునూ గిట్లనే తియ్యుమను మీ భాయ్‌ని. నేను కూసుంట, వాడు పక్కకు నిలబడ్తడు."

"నేను, అవ్వ?" అన్నాను.

"మీరెందుకే మధ్యల?" అన్నాడు. అన్యాయంగా అనలేదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

ఇక అసలు సంగతి. మా బొగ్గు బెల్టులో ఒక మొక్కు ఉంది, ఇంకెక్కడా ఉండదు. అందరూ ఇంటిపెద్దకు ఆరోగ్యం ఇయ్యమని మొక్కుతారు. మేము తీసుకోమని మొక్కుతాం. రిటైరుమెంటుకు ఇంకా కొంత సర్వీసు ఉండగానే మెడికల్ బోర్డు ఎదుటికి పోయి, డాక్టర్లు ఈ మనిషి బాయి పనికి పనికిరాడని తేలిస్తే, ఆ నౌకరి ఇంట్లో ఒకరికి వస్తుంది. దాన్నే అన్‌ఫిట్ అంటారు. అన్‌ఫిట్ అయినోడి ఇంటి ముందు టెంటు, మేకపోతు, మందు. ఫిట్ అని తేలినోడి ఇంట్లో ఏడుపులు. నీ గుండె గట్టిగా ఉంది పో అని డాక్టరంటే, దవాఖాన వరండాలో తల పట్టుకుని కూలబడ్డ మొగోళ్లను నేను చూశాను. పెళ్లాలు తిడతారు, "ఇన్నేండ్లు బాయిల ఏం జేసినవ్, ఒక్క రోగం తెచ్చుకోకపోతివి" అని.

మొదట్లో ఆ నౌకరి కొడుకులకే అన్నట్టు ఉండేది. తరువాత బిడ్డలకూ ఇయ్యొచ్చన్నారు. మొగుణ్ని వదులుకొచ్చిన బిడ్డకు కూడా. ఆ మాట తెలిసిన రోజు నేను బతుకులో మొదటిసారి బాపు ముందు నిలబడి ఒకటి అడిగాను. తమ్ముడికి పెద్దపల్లిలో మొబైల్ షాపు ఉంది, నడుస్తోంది. నాకు స్టూడియో జీతం చీర కొంగుకు కట్టేంత. బాపు దిగిపోతే క్వార్టరు కూడా నౌకరి వచ్చినవాళ్లదే అవుతుంది. అంటే నాకు కావలసింది ఒక్క నౌకరి కాదు, ఇంకొకరు కాళ్లు చాపని ఒక గది.

"సూద్దాం తియ్యి" అన్నాడు. మా బాపు నోట్లోంచి అది చాలా పెద్ద వరం.

బోర్డు కోసం ఆయన సిక్ లీవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు, ఎంచుకున్న రోగం చూపు. పక్క క్వార్టరు కాక, బాపుకు తమ్ముడి వరస, అంతకు ముందే చెవుడు నటించి గట్టెక్కినవాడు, ఆయనే గురువు. సాయంత్రం వరండాలో క్లాసు నడిచేది. "మనిషి మొకం దిక్కు సూడకు. ఆని చెవు దిక్కు సూడు. అడుగు వెయ్యకముందు కాలుతోని నేల తడుము. జల్ది జల్ది నడవకు." బాపు కుర్చీలోంచి లేచి కర్ర పట్టుకుని తడుముకుంటూ నడిచేవాడు. గడప తగిలి తూలేవాడు. కాలనీ అంతా చూసి నవ్వేది. పిల్లలు ఆయన వెనక కండ్లు మూసుకుని నడిచేవాళ్లు. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మా ఇంట్లో అవ్వ నవ్వడం నేను అప్పుడే చూశాను.

రోజులు పోతున్న కొద్దీ బాపు యాక్టింగు బాగా కుదిరింది. అతిగా బాగా కుదిరింది.

నాకెట్లా తెలిసిందంటే, నా పని కళ్లతోనే. ఆ పాత కెమెరాల ముందు చాలాసేపు కదలకుండా నిలబడాలి. కొందరు రెప్పలార్పేవాళ్లు, కంటిపాపలు పొగలాగా వచ్చేవి. అలాంటి కళ్లను నేను మళ్లీ గీసి పెట్టాలి. ఏదో ఒకదాన్ని చూస్తున్న కన్నుకూ, ఏదీ చూడని కన్నుకూ తేడా నా వేళ్లకు తెలిసిపోయింది. మొదట్లో ఆ దేశపు జనం ఫోటో దిగడానికి భయపడేవాళ్లట, బొమ్మలోకి ప్రాణం పోతుందని. నాలుగో రాజు ముందు తాను దిగి ఆ భయం తీర్చాడట. ఆయన ఫోటో నేను చేశాను. బక్క మనిషి. కానీ ఆ కళ్లు కెమెరాను పట్టుకుని వదలవు. ఆ రోజు ఇంటికొచ్చి చూస్తే కుర్చీలో మా బాపు. ఆయన కళ్లు దేన్నీ పట్టుకుని లేవు.

చాయ్ గిలాస ఎప్పుడూ పెట్టే చోట పెట్టాను. చప్పుడు కాకుండా ఒక జానెడు పక్కకు జరిపాను. ఆయన చెయ్యి పాత చోటుకే పోయింది. ఖాళీ స్టూలు మీద వేళ్లు ఆడాయి, ఇటు తడిమాయి, అటు తడిమాయి. వరండాలో మేమిద్దరమే. చూసేవాళ్లు లేనప్పుడు యాక్టింగు ఎవరి కోసం?

"బాపూ, నీకు నిజంగనే కనబడ్తలేదు" అన్నాను.

నా చెయ్యి దొరికించుకుని మణికట్టు పిండేశాడు. షుగరు ఆయనకు ఏండ్ల నుంచి ఉంది. గోలీలు మింగమంటే ఆడోళ్ల రోగం లెక్క మాట్లాడతారేందని గద్దించేవాడు. ఆ షుగరే కళ్లు తినేసింది. కుడి కన్ను మొత్తానికే పోయింది, ఎడమ కంటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ లేదు.

"ఎవలకన్న చెప్పినవో, చీరేస్త. యాక్టింగనే అనుకోవాలె అందరు."

"ఎందుకు? బోర్డుకు ఇంకా మంచిదే గదా."

"బోర్డుకు మంచిదే. ఇంట్ల? గుడ్డోని మాట ఇంట్ల ఎవడింటడే?"

ఆ మాటతో ఆయన నాకు పూర్తిగా అర్థమయ్యాడు. గుడ్డివాడు కావడం కాదు ఆయన భయం, కుర్చీ దిగడం. అందుకే కళ్లు పోయిన మనిషి, కళ్లు పోయినట్టు నటిస్తున్న మనిషిలా నటిస్తున్నాడు. అంత కష్టం ఏ నాటకంలోనూ ఉండదు. జాలి కలిగిందా అంటే, కొంచెం కలిగింది. అంతకన్నా ఎక్కువ ఇంకోటి కలిగింది. బూట్లు గుంజినప్పటి నుంచీ ఆ ఇంట్లో నా చేతికి మొదటిసారి ఒక పట్టు దొరికింది.

"మరి నౌకరి?" అన్నాను.

 ఆయన చెయ్యి గాల్లో వెతికి నా నెత్తి మీద పెట్టాడు. "నీకే ఇస్త. ఒట్టు."

అట్లా మా ఒప్పందం మొదలైంది. నలుగురిలో చెయ్యి పట్టుకోవద్దన్నాడు, చిన్నతనం అట. అందుకని దగ్గు. కుర్చీకి ఎడమ పక్క, నీళ్ల డ్రమ్ము దగ్గర నేల మీద నేను కూర్చునేదాన్ని. నేను స్టూడియోకు పోయినంతసేపు ఆయన కుర్చీ దిగేవాడు కాదు. మెట్టు వస్తే ఒక దగ్గు. ఎదురుగా మనిషి ఉంటే రెండు. ఎవరైనా ఏదైనా చూపించి ఇది బీడీకట్టనే గదా మామా అని పరీక్ష పెడితే, అవునంటే ఒక దగ్గు, కాదంటే ఊరుకోవడం. ఒకప్పుడు ఆయన దగ్గితే మేము లేచేవాళ్లం. ఇప్పుడు నేను దగ్గితే ఆయన అడుగేస్తున్నాడు. ఊరంతా బాపు నటనకు మెచ్చుకుంటుంటే నా గొంతు మాత్రం ఎండిపోయేది. అవ్వ మిరియాల కషాయం కాచి పోసేది, బిడ్డకు దుమ్ము పట్టిందని.

ఆ రోజుల్లోనే నాకు ఆ రాణి ఫోటో వచ్చింది. ఐదో రాజు రాణి, పడుచు మనిషి. జుట్టు మగపిల్లవాడిలా కురచగా కత్తిరించి ఉంది, అక్కడి ఆడవాళ్ల పద్ధతే అది. నడుముకు మన గోచీ లాంటి కట్టు, పక్కన చిన్న బిడ్డ. వేసవి కోటకు పడవలో పోతుంటే పడవ బోర్లా పడిందట. ఒడ్డు నిండా జనం, చుట్టూ పడవలు, ఈతగాళ్లు. కానీ రాచబిడ్డను ముట్టుకున్నోడికి చావే శిక్ష. ముట్టుకోవద్దని కాపలావాడు అరిచాడని కూడా చెప్పుకుంటారు. అందరూ చూస్తుండగా తల్లీ బిడ్డా మునిగిపోయారు. తరువాత రాజు ఏడ్చి ఏడ్చి పాలరాయితో గుర్తు కట్టించాడట. చూశారా, కట్టించడానికి అందరికీ చేతులొచ్చాయి. ఆ బిడ్డ బుగ్గ మీద పెద్ద బూజు మచ్చ. తీయడానికి నాకు చాలా పొద్దు పట్టింది. భాయ్ వెనక నిలబడి చూసి, "ఇంత ఖూబ్‌సూరత్ పిల్లను నీళ్లలో వదిలేసిన్రా" అని, లాహౌల్ అని అల్లాను తలుచుకుంటూ పోయాడు.

బోర్డు కొత్తగూడెంలో. తోడు నేనే పోయాను. బస్టాండులో, దవాఖాన వరండాలో, చిన్నగా దగ్గుతూ దగ్గుతూ ఆయన్ని నడిపించాను. పక్కనున్న ఒకామె, టీబీ ఏమో అని దూరం జరిగింది. డాక్టర్లు చుక్కలు వేసి, లైటు కొట్టి చాలాసేపు చూశారు. ఒకాయన నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు, చాలా ఆలస్యం చేశారమ్మా, ఇక చూపు రాదు అని. బయటికొచ్చాక బాపు ఫోను తమ్ముడికి కలపమన్నాడు.

"అన్‌ఫిట్ రా! బోర్డునే బోల్తా కొట్టించిన!" అని ఆ వరండా మారుమోగేలా అరిచాడు. ఆ గొంతులో సంబరం అబద్ధం కాదు. అదే నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. తన కళ్లు పోయాయని డాక్టర్లు తేల్చిన రోజున ఆ మనిషి నిజంగా గెలిచిన మొగోడిలా ఉన్నాడు.

కొన్నాళ్లకు ఆఫీసు వాళ్లు ఎవరి పేరు అని అడిగారు. తమ్ముణ్ని వెంటబెట్టుకుని పోయి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, కాళ్లు చాపి, గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"నౌకరి కొడుకుకే రాయించిన. ఇంటి పేరు నిలబెట్టెటోడు వాడే గదా."

అవ్వ నా వంక చూడలేదు. తమ్ముడు మాత్రం మంచివాడిలాగా అన్నాడు, "నీకేం ఫికర్ లేదక్కా, నేను సూసుకుంట గదా." ఆ నోటితోనే, ఆ వారంలోనే, పెండ్లయితే తన పెండ్లానికి ఒక గది కావాలి కాబట్టి నాకు సెంటినరీ కాలనీ దిక్కు ఎక్కడైనా ఒక అగ్గువ రూము చూద్దామన్నాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, నేనే ఒక డోలునయ్యాను.

బాపు చేయి కడుక్కోవడానికి వెనక నల్లా దగ్గరికి పోతుంటే నేను వెంట పోయాను. మెట్టు దగ్గర దగ్గాను, అలవాటుగా.

"ఒట్టు పెట్టినవ్ గదా బాపు, నా నెత్తి మీద చెయ్యి పెట్టి."

"పెట్టిన" అన్నాడు. కాదనలేదు. చేతులు కడుక్కుని, తడి చేతులు గాల్లో దులిపి, తువ్వాల కోసం చెయ్యి చాపాడు. "నువ్వు డ్యూటీకి పోతే నాకు దగ్గేది ఎవలు?"

నాకు ఏడుపు రాలేదు. మంట లేచింది. నేను చేసిన సేవే నా కాళ్లకు గొలుసయింది. ఆయనకు కళ్లు ఉండి ఉంటే నాకు నౌకరి వచ్చేదేమో. నేను లేకపోయినా, ఆయన గుట్టు ఎన్నడో బయటపడి, కుర్చీ దిగి, ఏదో ఒక న్యాయం జరిగేదేమో. రెండూ నేనే చెడగొట్టుకున్నాను, నా గొంతుతో. తువ్వాల ఆయన చేతికందించాను. ఆ రోజుకు అదే చివరి పని అనుకున్నాను. తెల్లారి మళ్లీ దగ్గాను. కుక్కకు కూడా అలవాటు తొందరగా పోదు.

తమ్ముడికి ఆర్డరు వచ్చిన ఆదివారం పొద్దున దావత్ పెట్టారు. క్వార్టరు ముందు టెంటు, పెద్ద గిన్నెలో మటన్, బగార అన్నం వాసన. బాపు కొత్త తెల్లంగి వేసుకుని వరండాలో కుర్చీలో. కాలనీ మొగోళ్లంతా ఆయన చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో. నేను నా చోట, నీళ్ల డ్రమ్ము పక్కన, నేల మీద ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్నాను.

మందు లోపలికి పోయాక పక్క క్వార్టరు కాక బాపు తొడ మీద చరిచాడు. "ఇగ సిన్మా అయిపోయింది అన్నా. కండ్లు తెరువు. కొడుకుకు నౌకరి అచ్చె, ఇంకెవలకు సూపెడ్తవ్?"

"అలవాటయింది రా" అన్నాడు బాపు. అందరూ నవ్వారు.

"గుడ్డి కన్ను మూసినా ఒక్కటే తెరిచినా ఒక్కటేనట" అని ఎవరో అన్నారు. ఇంకా నవ్వారు. ఆ సామెత ఎంత సరిగ్గా పడిందో అక్కడ ఇద్దరికే తెలుసు.

తమ్ముడు కూడా తాగి ఉన్నాడు. లోపలికి పోయి, దేవుని గూట్లోంచి సయాం రాజు ఫ్రేము తెచ్చాడు. ఆ ఫోటో కాలనీలో అందరికీ తెలుసు. మా అవ్వ బయటి దేశపు రాజుకు దీపం పెడుతుందని ఆడవాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు. వాడు అందరికీ కన్నుకొట్టి, ఫ్రేమును బాపు ఒళ్లో పెట్టాడు.

"బాపూ, ఫోటో అచ్చింది. సూడు ఎట్లున్నది?"

రాజు తలకిందులుగా ఉన్నాడు. మొనదేలిన కిరీటం బాపు పొట్ట దిక్కు. బాపు ముఖం ఒక్కసారిగా వెలిగింది. నన్నూ నా కొడుకునూ గిట్లనే తియ్యుమను అని ఎన్నాళ్ల కింద అడిగాడో, ఆ ఫోటో వచ్చిందనుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని, అరచేత్తో అద్దం నిమిరాడు. అవ్వ పెట్టిన కుంకుమ ఆయన బొటనవేలికి అంటింది.

"మంచిగ అచ్చింది" అన్నాడు. "గిదీ కొడుకంటే. సూడు ఎట్ల నిలబడ్డడో. నా ముక్కు, నా తీరు. రేపు నేను లేకున్నా ఈ ఫోటో సూస్తె సాలు."

నవ్వులు టెంటు దాటి రోడ్డు మీదికి పోయాయి. ఒకాయన పొట్ట పట్టుకుని వంగిపోయాడు. "ఇడువడు! మామ ఇంకా ఇడుస్తలేడు!" తమ్ముడు కుర్చీ చేతి మీద పడి నవ్వుతున్నాడు, చిన్నప్పుడు నేను బూటుతో వెనక్కి పడితే నవ్వినట్టు. బాపు కూడా వాళ్లతో పాటు నవ్వాడు. కానీ నవ్వుతూ నవ్వుతూ ఆయన చెవి అటువైపు తిరిగింది. ఏదో తప్పు పోయిందని ఆయనకు తెలిసింది. ఎందుకు నవ్వుతున్నారో ఒక్క దగ్గు చెబుతుంది. ఆయన ఎడమ వైపు కొంచెం ఒరిగాడు, డ్రమ్ము దిక్కు.

నేను అక్కడ లేను. కత్తిపీట పక్కకు పెట్టి, లేచి, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన కూర్చుని ఉండగా, నలుగురిలో, నేను నిలబడటం అదే మొదటిసారి.

"ఏమే బిడ్డా, మంచిగనే అచ్చిందా?" అని ఆయన నీళ్ల డ్రమ్మును అడిగాడు. చాలా మెత్తగా అడిగాడు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

ముందు పక్క క్వార్టరు కాక నవ్వు ఆగిపోయింది. ఇది ఆయన నేర్పిన పాఠంలో లేదు. తరువాత ఒక్కొక్కరూ ఆగారు. బాపు ఇంకా డ్రమ్ము వంకే ముఖం పెట్టి, జవాబు కోసం చూస్తున్నాడు. ఫ్రేము తలకిందులుగానే ఒళ్లో ఉంది. అవ్వ గంటె పట్టుకుని పొయ్యి దగ్గర నుంచి వచ్చి, ఆయన వంక చూసి, ఆ డ్రమ్ము వంక చూసి, నా వంక చూసింది. మిరియాల కషాయం ఎందుకు కాచిందో ఆమెకు అప్పుడర్థమైంది. దగ్గు బిడ్డా అన్నట్టు, గంటె పట్టుకున్న చెయ్యి కొంచెం పైకెత్తింది. ఒడ్డు నిండా జనం, ఎవరూ కదల్లేదు.

నా గొంతులో దురద పుట్టింది. మింగేశాను.

నేను దగ్గలేదు.